ఆలస్యంగా తోసిన మూట

మా ఆఫీసులో పాత టైపు మిషను ఒకటి ఇంకా ఉంది. కంప్యూటర్లు వచ్చాక దాన్నెవరూ ముట్టుకోవడం లేదు. మొన్న అటెండరు దాని అక్షరాలకు పట్టిన మురికిని కిరసనాయిలు గుడ్డతో తుడుస్తుంటే ఆ వాసన గదంతా నిండింది. చేస్తున్న పని ఆపి కూర్చుండిపోయాను. ఆ వాసన తగిలితే చాలు, నాకు నూకరాజు గారు గుర్తొస్తారు.

తొంభైల చివర్లో నర్సీపట్నం బస్టాండు వెనక మేడ మీద నేను టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపేదాన్ని. ఇంగ్లీషు బి.ఎ. చదివానన్న గీర కాస్త ఎక్కువగానే ఉండేది. నూకరాజు గారిది నాతవరం దగ్గర పల్లె. వాయుసేనలో సరుకులు మోసే విమానాల స్క్వాడ్రన్‌లో పాతికేళ్లు పనిచేసి, రిటైరై వచ్చి వరి పండించుకుంటున్నారు. స్క్వాడ్రన్ చరిత్రను పుస్తకంగా వేస్తున్నామనీ, పాతవాళ్లు తమకు తెలిసింది రాసి పంపాలనీ ఆయనకు ఉత్తరం వచ్చింది. అందులో ప్రస్తావన వచ్చిన ప్రతి సైనికుడి ఇంటికీ ఒక ప్రతి పంపుతారట. ఆయన తెలుగులో చెప్పాలి, నేను ఇంగ్లీషులో టైపు కొట్టాలి.

నెల రోజులపాటు ఇస్త్రీ చొక్కా వేసుకుని షేర్ ఆటోలో వచ్చేవారు. యుద్ధాల గురించి చెబుతారనుకున్నాను. ఆయన చెప్పినవన్నీ ఉప్పు, బియ్యం, కిరసనాయిలు, ఉత్తరాల సంచులు. రోడ్డు లేని మంచుకొండల మీద కాపలా కాసే జవాన్లకు పొయ్యి వెలగాలంటే ఇవన్నీ ఆకాశంలోంచే పడాలి. ఒకసారి విమానంలో మేకల్ని ఎక్కిస్తే, వాటిలో ఒకటి సరుకుల జాబితాను నమిలేసిందట.

"కిందోళ్లకి ఏటి పంపేమో మాకే తెల్దమ్మా, ఆ మేకకే తెలుసు," అన్నారు మొహం సీరియస్‌గా పెట్టి. నేను నవ్వలేక చచ్చాను. ఆయన మాత్రం తర్వాతి పేరా చెప్పడం మొదలుపెట్టారు.

విమానం వెనక భాగంలో నిలబడి పారాచూట్ కట్టిన మూటల్ని బయటికి తోయడం ఆయన పని. పైలట్ గంట కొట్టిన క్షణంలోనే తోయాలి. ఆలస్యమైతే తోయకూడదు. విమానం ఇంకో చుట్టు తిరిగి వస్తుంది. అది అక్కడ ఎవరూ దాటకూడని కట్టుబాటు. దాన్ని తాను దాటిన రోజు గురించి ఆయన మా టైపు పని చివరి రోజున చెప్పారు.

"ముందు రోజు ఓ మూట జారిపోనాదని, ఆ రోజు రెండో ముడి కూడా ఏసేనమ్మా. గంట కొట్టేరు. సలికి ముడి బిగిసిపోనాది. పళ్లతో లాగి ఊడదీసేసరికి ఆలస్యమైపోనాది. తెలిసీ తోసీసేను."

"ఎందుకండీ?"

"నా ముడి వల్ల విమానం ఇంకో సుట్టు తిరగడం నామోషీ అనిపించింది."

మూట శిఖరం దాటి అవతలి లోయలో పడింది. అందులో ఉన్నది కిరసనాయిలు. ఆయన్ని కాపాడదామని పైలట్ ఆ పూటే 'వాతావరణం బాగోక మూట వేయలేదు' అని రాసేశారు. తర్వాత మబ్బు కమ్మి, రోజుల తరబడి విమానాలు వెళ్లలేదు. పొయ్యి ఆరిపోయిన ఆ కొండమీంచి ఒక జవాను మూట కోసం లోయలోకి దిగి తిరిగి రాలేదు. తోటివాళ్లు ఏం చెప్పినా పైవాళ్లు కాగితాన్నే నమ్మారు.

"మూటే పడలేదంటే ఆడు దేనికి దిగినట్టు? పారిపోతా పడిపోనాడని రాసేరు. ఆరు నెల్లకి నాకు తెలిసింది. అప్పుడు నోరిప్పలేదు. ఇప్పుడు రాయి. ఆడి తల్లి ఇంకా ఉందంట," అన్నారు.

నేను రాయలేదు. పాతికేళ్లు మచ్చ లేకుండా పనిచేసిన మనిషి తన పేరు తానే పాడుచేసుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. వాతావరణం బాగోక మూట వేయడం కుదరలేదనీ, ఒక వీర జవాను ప్రాణాలు కోల్పోయాడనీ అతని పేరుతో సహా కొట్టాను. వీరుడన్న మాట కలిపాను కదా, సరిపోతుందిలే అనుకున్నాను. అప్పుడే ఆయనకు కంటి ఆపరేషన్ అయింది. చదవకుండానే, నా మీది నమ్మకంతో సంతకం పెట్టారు.

నాలుగు నెలల తర్వాత అచ్చయిన పుస్తకం పట్టుకుని మెట్లెక్కి వచ్చారు. ఆ పేజీ తీసి నా ముందు పెట్టారు.

"ఏటమ్మా ఇది? నాను సెప్పింది ఇది కాదు కదా."

"మీ పేరు చెడకూడదని, బాబాయి గారూ."

"మా పైలట్ సారూ అదే అన్నారు. మీ ఇద్దరూ కలిసి నన్ను దాసీసేరు. ఆడు బయటుండిపోనాడు."

ఆయన గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది. కుర్చీ లాక్కుని కూర్చుని, "బేగి కాయితం ఎక్కించు," అన్నారు. ఆ తల్లికి ఉత్తరం చెప్పారు. ఈసారి ఒక్క మాట మార్చకుండా కొట్టాను. నకలు స్క్వాడ్రన్‌కు కూడా పంపాం.

మూడు వారాలకు జవాబు వచ్చింది. ఆ ఊరి బడిపంతులు హిందీలో రాశాడు. నూకరాజు గారు ఒక్కో వాక్యం చదివి తెలుగులో చెప్పారు. పుస్తకం రాగానే ఆ పేజీని పంతులే ఆమెకు చదివి వినిపించాడట. కొడుకు మూట కోసమే దిగాడని తోటి జవాను ఒకతను ఎప్పుడో వచ్చి చెబితే, ఆమె అన్నేళ్లూ ఆ మాటే పట్టుకుని ఉందట. 'అయితే మూట లేదా?' అని రెండుసార్లు అడిగిందట. మా ఉత్తరం చేరడానికి పది రోజుల ముందు ఆమె చనిపోయింది.

నేను ఏడ్చాను. తప్పంతా నాదేనన్నాను. ఆయన ఉత్తరాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, "అంతా నీదంటే ఎలాగమ్మా? ముందు తప్పు నాది. నీది తరవాత," అన్నారు. నన్ను ఓదార్చడానికైనా ఆయన ఆ రెండో ముక్క వదిలెయ్యలేదు. స్క్వాడ్రన్ నుంచి మాత్రం ఆయన పోయేదాకా ఏ కబురూ రాలేదు.

ఇప్పుడు నాది వాంగ్మూలాలు రాసుకునే ఉద్యోగం. కొండల మీంచి బస్సు దిగి వచ్చినవాళ్లు, పొలం తగాదాల వాళ్లు నా ఎదుట కూర్చుని చెబుతారు. ఒక్కోసారి ఎవరో తమ తప్పు తామే ఒప్పుకుంటారు. పాపం, ఆ ముక్క వదిలేయండి మేడమ్ అంటారు పక్క సీటువాళ్లు. నేను వదలను. కొట్టిందంతా మొదటినుంచీ చదివి వినిపించి, 'నువ్వు చెప్పింది ఇదేనా?' అని అడుగుతాను. నూకరాజు గారి చేత అలా అడగకుండానే సంతకం పెట్టించుకున్నాను.