సరోజక్క టమాటా మడి

బోధన్ రోడ్డు మీద బస్సు కిటికీ తెరిస్తే చెరకు ఆకు కాలుతున్న వాసన గుప్పుమంటుంది. కోతలయిన చేలల్లో తగలబెడతారు. తోటి ప్రయాణికులు ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం కోపంతో పళ్ళు బిగుసుకుంటాయి. సరోజక్క గుర్తొస్తుంది.

పెళ్ళయిన కొత్తలో నిజామాబాదులో మేం అద్దెకున్న ఇంటి పక్కిల్లే ఆమెది. బస్సు కండక్టరు, ఒంటరి మనిషి. పెరట్లో టమాటా వేసి, బోధన్ దగ్గరి కోటగిరి నుంచి ఆటోలో తెచ్చుకున్న ఎండు చెరకు ఆకును మొక్కల మొదళ్ళ చుట్టూ మందంగా పరిచేది. ఎందుకని అడిగితే, "ఎండల పోతే మనం నెత్తి మీద కొంగు కప్పుకోమా పిల్లా? నేలకు గూడ గంతే. తడి ఆరదు," అన్నది. ఆకు పక్కకు జరిపి నా చెయ్యి పెట్టించింది. నడి వేసవిలో కింద మట్టి చల్లగా, మెత్తగా ఉంది.

కాలనీ పెద్ద ఒకాయనకు అది చెత్తలా కనిపించింది. పాములొస్తాయన్నాడు. "వస్తే నా పెరట్లకే గదనే అన్నా," అని ఆమె నవ్వేసింది. ఒక పొద్దున ఆమె డ్యూటీకి పోగానే ఆయన మనుషుల్ని తెచ్చి, గేటు తీయించి, ఆకంతా లాగించి, పెరట్లోనే కుప్పపోసి నిప్పు పెట్టించాడు. నేను గోడ మీదుగా అరిచాను. "నీకెందుకమ్మా, కాలనీ మంచికే," అన్నాడు. ఆ సెగకు, కాయల బరువుతో వంగిన కొమ్మలు వాడి వేలాడాయి.

సాయంత్రం సరోజక్క ఖాకీ చొక్కాతోనే కాలనీ పెద్ద ఇంటి ముందు నిలబడింది. బస్సు చివరి సీటు దాకా వినిపించే గొంతు ఆమెది.

"నేను లేంది సూసి నా గేటెట్ల తీసినవ్?"

"చెల్లె, అందరి మంచికే..."

"నా మంచి నన్నడగకుండ నువ్వెట్ల సూస్తవ్? మొగోడున్న ఇంట్లకు గిట్లనే పోతవా?"

వీధంతా బయటికొచ్చింది. మా ఆయన సర్దిచెప్పబోయాడు. "పోనియ్యక్కా, టమాటాలకు గింత లొల్లెందుకు?"

"టమాటాలు మార్కెట్ల దొరుకుతయి తమ్మీ. నా లొల్లి గేటు గురించి."

కాలనీ పెద్ద తలుపు వేసుకున్నాడు. తప్పయిందన్న మాట ఆయన నోట రాలేదు, ఆ రోజూ, ఆ తర్వాతా. సెలవు దొరకగానే ఆమె మళ్ళీ కోటగిరి పోయింది. ఈసారి ఆటోలో నేనూ ఉన్నాను. బతికిన మొక్కలకు ఆకు పరిచి, ఖాళీల్లో కొత్త నారు నాటాం. కాసిన కాయల్ని ఆయనింటికి తప్ప వీధిలో అందరికీ పంచింది.

సరోజక్క చనిపోయి కొన్నేళ్ళయింది. మా ఇంట్లో నాకు ఓర్చుకోవడమే నేర్పారు. నాకూ కోపం రావచ్చని ఆమె దగ్గరే తెలుసుకున్నాను. ఆ పెద్దమనిషి ఇప్పటికీ బజారులో ఎదురైతే చేతులు జోడిస్తాడు. నేను ఆయన మొహంలోకి సూటిగా చూస్తాను. నమస్కారం మాత్రం పెట్టను.