ఎదురు సాలు

శివపార్వతి ముఠాలో పదకొండు మంది ఆడవాళ్లు. ముప్పై ఏళ్లుగా మిరపకోతలకి వెళ్తోంది, పదిహేనేళ్లుగా తనే మేస్త్రి. చీర మీద మొగుడి పాత చొక్కా తొడుక్కుని, తలకి తువ్వాలు చుట్టి చేలో దిగిందంటే సాలు చివర ముందు తేలేది ఆమే. ఆ సంగతి తనెప్పుడూ పైకి అనలేదు. అనాల్సిన అవసరం రాలేదు.

ఆ ఫిబ్రవరిలో చిలకలూరిపేట జిన్నింగ్ మిల్లులో పనిచేసే ఒడిశా అతనొకడు పెళ్లాన్ని వెంటబెట్టుకుని శివపార్వతి గుమ్మంలోకొచ్చాడు. ఊళ్లో గది అద్దెకి తీసుకుని వారమైంది.

"అక్కా, నా భార్య సుకాంతి. పని బాగా చేస్తది. తెలుగు రాదు," అన్నాడు.

మర్నాడు చేలోకి వెళ్లే ఆటోలో సుకాంతి కోసం ఎవరూ జరగలేదు. వెనకాల కాళ్లు వేలాడేసుకుని కూర్చుంది.

"ఇలాంటోళ్లు నలుగురొస్తే రేపు రైతులు మనల్ని పిలుస్తారా అక్కా?" అంది కోటేశ్వరమ్మ, ఆమె వినేలాగే.

ఆ భయం శివపార్వతికీ ఉంది. చేలో దిగాక సుకాంతిని అందరికీ దూరంగా, గట్టు వారన చివరి సాలులో పెట్టింది.

సుకాంతి రెండు చేతులా కోస్తోంది. కొమ్మ విరగట్లేదు, పచ్చికాయ రావట్లేదు. పొద్దు నడినెత్తికి రాకముందే సాలు ముగించింది.

"పార్వతక్కా, కొత్తమ్మాయి నిన్ను దాటేసిందే," అని నవ్వాడు చేను రైతు వీరబాబు.

శివపార్వతీ నవ్వింది. కానీ ఆ మాట, కారం అంటిన చేత్తో కన్ను నులుముకున్నట్టు మండింది.

తలెత్తి చూస్తే సుకాంతి నీడకి పోలేదు. శివపార్వతి సాలులోనే అటు చివర నుంచి కోసుకుంటూ ఎదురొస్తోంది.

"నా సాలు నీకెందుకమ్మా? నేను కోసుకోలేననా?"

మాట అర్థం కాకపోయినా మొహం అర్థమైంది సుకాంతికి. ఒడిలో కాయలు శివపార్వతి గోతంలో పోసి, పక్క సాలుకి పోయింది. అది నాగరత్నమ్మది. డెబ్బైకి దగ్గరపడిన మనిషి, నడుం నొప్పితో రోజూ అందరికన్నా వెనకబడేది. ఆమె సాలు తెమిలేదాకా మిగతావాళ్లు గట్టు మీద కూర్చుని విసుక్కునేవాళ్లు. ఆవేళ సగం దూరంలో సుకాంతి ఎదురయ్యేసరికి, నాగరత్నమ్మ నడుం మీద చెయ్యేసుకుని కాసేపు అలా చూస్తూ నిలబడిపోయింది.

శివపార్వతికి సిగ్గనిపించింది. ఇన్నేళ్లూ అందరికన్నా ముందు చివరికి చేరి, నీళ్లు తాగి కూర్చుంది. ఒక్కనాడూ వెనక్కి తిరిగి ఇంకొకరి సాలులో దిగలేదు. తన సాలు ముగించి, కోటేశ్వరమ్మకి ఎదురెళ్లింది.

"ఏంటక్కా, నా పని బాగాలేదా?"

"బాగానే ఉంది. కొయ్యి."

సాయంత్రం శివపార్వతి, సుకాంతి మొగుణ్ణి పిలిచి ఈ ఎదురెళ్లడం ఏంటని అడిగింది.

"మా ఊళ్లో వరికోతలో అంతే అక్కా. ముందు పని అయిపోయినోళ్లు మిగతావాళ్లకి ఎదురెళ్తారు. అందరూ ఒకేసారి ఇంటికి పోతారు," అన్నాడతను.

అప్పటినుంచి ఆ ముఠాలో అదే పద్ధతి. అందరికీ నచ్చలేదు. ఇద్దరు వేరే ముఠాకి పోయారు. కోటేశ్వరమ్మ ఉండిపోయింది గానీ, మూడో కోతదాకా సుకాంతితో మాట్లాడలేదు.

మరుసటి ఏడాదికి సుకాంతికి తెలుగొచ్చేసింది. నాగరత్నమ్మ పక్కన కోస్తూ నేర్చుకున్న తెలుగు కాబట్టి, అందులో తిట్లు కాస్త ఎక్కువ.