తాళం వేసిన గదిలో తిరిగిన లెన్సు

లైబ్రరీలో దయ్యాల కథలు చాలా చదివాను కానీ, ఒక్కదాన్నీ నమ్మలేదు. ఇది దయ్యం కథ అని ఇప్పుడూ అనను. ఆ వారం డైరీలో రాసుకున్నదే చెబుతున్నాను.

అప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను. నాన్న తాడేపల్లిగూడెంలో ఒక సినిమా హాల్లో ఆపరేటర్. స్కోప్ సినిమా బొమ్మ రీలు మీద సన్నగా నొక్కేసినట్టుంటుంది. ప్రొజెక్టర్ లెన్సు ముందు ఇంకో లెన్సు బిగిస్తేనే తెర మీద వెడల్పుగా విచ్చుకుంటుంది. ఆ ముందు లెన్సు ఏ కొంచెం తిరిగినా తెర మీద స్తంభాలు, మనుషులు అంతా ఒక పక్కకు ఒరిగిపోతారు.

మా హాలు లెన్సుకు బూజు పట్టింది. ఓనరుగారు ముదినేపల్లి దగ్గర మూతపడిన హాలు నుంచి పాతదొకటి తెప్పించారు. నాన్న దాన్ని సరిచేసి మర బిగించి వచ్చేవారు. మర్నాడు మ్యాట్నీకి బొమ్మ ఒరిగేది. మూడు రోజులు అదే వరస.

"ఏవండీ మస్తాన్‌గారూ, హీరో తాగొచ్చాడా ఏవిటండీ, అలా తూలుతున్నాడు?" అన్నారు ఓనరుగారు. నేను క్యారియర్ పట్టుకుని మెట్ల మీదే ఉన్నాను. ఆయన నవ్వు ఆపి, "ఇంకొక్కసారి ఒరిగితే వేరే ఆపరేటర్ని చూసుకుంటానండి" అన్నారు.

"బిగించే వెళ్తున్నానండి" అన్నారు నాన్న.

నేను నమ్మలేదు. ఆయన ఎడమ కంట్లో శుక్లం ముదురుతోందని నాకొక్కదానికే తెలుసు.

ఆ సాయంత్రం, కొనుక్కుని కూడా వేసుకునే ధైర్యం లేక దాచుకున్న ఎర్ర గోళ్ళరంగు తీసుకెళ్ళాను. నాన్న బిగించిన లెన్సు మీద సగం, దాన్ని పట్టి ఉంచే రింగు మీద సగం పడేలా ఒక గీత గీశాను. ఆ పూట ఆటలు రెండూ తిన్నగా నడిచాయి. నాన్న ఇంటికొచ్చాక ప్రొజెక్టర్ గది తాళం చెవి అడిగి తీసుకుని దిండు కింద పెట్టుకున్నాను. ఆ గదికి ఇంకో చెవి లేదు.

పొద్దున నాన్నతో వెళ్ళి నేనే తలుపు తీశాను. మర బిగువుగానే ఉంది. ఎర్ర గీత మాత్రం రెండు ముక్కలై ఉంది. మధ్యలో చిటికెన వేలు వెడల్పు ఎడం.

నాన్న దాన్ని కదపకుండా రీలు వేసి చూపించారు. తెర మీద స్తంభం కుడికి వాలింది. డైరీ పేజీ అడుగును తెర అడుగుకు సరిచూసుకుని, ఆ వాలును పెన్సిలుతో గీసుకున్నాను. తర్వాత నాన్న మ్యాట్నీకి ముందే లెన్సు సరిచేసేశారు.

ఆ లెన్సు సంగతి కనుక్కుందామని మర్నాడు పొద్దున్నే ఇద్దరం బస్సెక్కి, అది వచ్చిన పాత హాలుకు వెళ్ళాం. చుట్టూ చేపల చెరువులు, లోపల మేత బస్తాలు. వాటికి కాపలా ఉంటున్నది అక్కడి పాత ఆపరేటర్ భార్య. ఆయన పోయి రెండేళ్ళయిందట.

"చెరువులు తవ్వాక ఈ పక్క నేల దిగిపోయిందండి. తెర చట్రం ఒరిగిపోయింది. బొమ్మ వంకరగా ఉందని జనం ఒకటే గోల. చట్రాన్ని ఎవరు నిలబెడతారండీ, మా ఆయన ఆ లెన్సు అద్దాన్నే కాస్త తిప్పి పెట్టేవారు. పోయేదాకా రోజూ అదే పని."

"డైరీ తెచ్చావామ్మా?" అన్నారు నాన్న.

పేజీ అడుగును మట్టంగా పట్టుకుని, ఇంకా అక్కడే ఉన్న తెర చట్రం వైపు చూశాను. నా పెన్సిలు గీత ఆ చట్రం అంచు మీద అచ్చంగా పడింది.

ఓనరుగారు సణుక్కుంటూనే వేరే లెన్సు తెప్పించారు. తర్వాత బొమ్మ ఎప్పుడూ ఒరగలేదు. నాన్న ఉద్యోగం నిలిచింది. ప్రొజెక్టర్ అదురుకు మర జారి ఉంటుందంటారు తెలిసినవాళ్ళు. తాళం వేసిన ఆ రాత్రి ప్రొజెక్టర్ ఆగే ఉంది. లెన్సు ఎలా తిరిగిందో, తిరిగినా సరిగ్గా ఆ వాలు దగ్గరే ఎందుకు ఆగిందో నాకిప్పటికీ తెలియదు.

తాళం చెవి ఎందుకు అడిగానో నాన్న ఎప్పుడూ అడగలేదు. ఆయన మాట నమ్మలేకే అని నేనూ చెప్పలేదు.