బాపమ్మ కొత్త సంతకం

మా బాపమ్మకు, అంటే నేను బాపు అని పిలిచే మా నాన్న తల్లికి, వేలిముద్ర అంటే ఒళ్లు మంట. ఇప్పుడామె లేదు గానీ ఆ మంట మాత్రం నాకు అంటించి పోయింది. ఎడపల్లి బడిలో పంతులమ్మగా ఉన్నన్నాళ్లూ పగలు పిల్లలకూ, సాయంత్రం చెరుకు కొట్టి వచ్చిన వాళ్ల తల్లులకూ చదువు చెప్పింది. తల్లులకు మొదటి పాఠం సంతకమే. "నీ దస్కత్ నువ్వు చేసుకుంటే ఇగ నీ వేలు ఎవ్వడు పట్టుకోడు" అనేది.

అలాంటి మనిషికి, రిటైరైన చాలా ఏళ్లకు, పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. మాట నిలిచింది. కోపం అంతకన్నా గట్టిగా నిలిచింది.

పెన్షన్ తీసుకునేవాళ్లు తాము బతికే ఉన్నామని ఏటా నవంబరులో బ్యాంకుకు వెళ్లి సంతకం చేయాలి. ఆ ఏడు నిజామాబాద్‌లోని మా ఇంటినుంచి నేనూ బాపూ ఆమెను పెన్షన్ ఖాతా ఉన్న బోధన్ బ్యాంకుకు తీసుకెళ్లాం. కౌంటర్‌లోని అబ్బాయి ఆమె చెయ్యి చూసి మర్యాదగానే సిరా డబ్బా ముందుకు జరిపాడు.

"వేలుముద్ర వెయ్యున్రి అమ్మా, సాలు."

బాపమ్మ డబ్బాను వెనక్కి నెట్టింది. "నెలాఖరు దాంక టైమున్నది గదా, మల్ల వస్త."

"అవ్వా, జిద్దు చెయ్యకు. పెన్షన్ ఆగుతది" అని బాపు తల్లిని బతిమాలాడు.

"ఆగనియ్యి."

ఇంటికి రాగానే నన్ను పిలిచింది. నాది పుట్టు ఎడమచేతివాటం. చిన్నప్పుడు నా బలపాన్ని లాగి కుడిచేతిలో పెట్టిన ఘనత ఈ పంతులమ్మదే. నాది కుక్కతోక బుద్ధి, ఆమె అటు తిరగగానే బలపం మళ్లీ ఎడమచేతిలోకి వచ్చేసేది.

"నీ ఎడమచెయ్యే గెలిసింది పిల్లా. నాకు నేర్పు" అంది.

నేర్పాను. కాగితం కాస్త వాలుగా పెట్టమనీ, పెన్ను అంత గట్టిగా నొక్కొద్దనీ అరిచాను. పాత బాకీ అంతా తీర్చుకున్నాను, నిజం చెప్పాలంటే భలే సంతోషంగా ఉండేది. ఒకరోజు తన పేరులోని మొదటి అక్షరమే ఎంతకీ కుదరక బాపమ్మ ఏడ్చేసింది. "సిన్న పోరగాండ్లకు గింత కష్టమైతదని నాకు ఎరుకనే లేకపాయె" అంది. కళ్లు తుడుచుకుని మళ్లీ రాసింది.

నెలాఖరుకు మళ్లీ బ్యాంకుకు వెళ్లాం. బాపమ్మ ఎడమచేత్తో సంతకం చేసింది. అక్షరాలు గట్టు మీది మేకల్లా తలో దిక్కు చూస్తున్నాయి, కానీ ఒక్కటీ తప్పిపోలేదు. అబ్బాయి దాన్ని పాత సంతకం పక్కన పెట్టి చూసి నసిగాడు. "కలుస్తలేదు అమ్మా. వేలుముద్రే మంచిది."

బాపమ్మ కౌంటర్ ముందునుంచి కదలలేదు.

"పాతది నా కుడిచెయ్యిది. అది పోయింది. గిది బతికున్న చెయ్యిది. నేను బతికున్ననని గదా రాయమంటున్నవు? గిదే పెట్టుకో."

లోపలినుంచి మేనేజరు నవ్వుతూ వచ్చి, కొత్త సంతకం తీసుకోమని కార్డు ఇప్పించాడు. బాపమ్మ కార్డు మీద మళ్లీ సంతకం చేసి తల ఎత్తింది. అంత పొగరైన ముఖం నేను మళ్లీ ఎక్కడా చూడలేదు.

వరుసలో మా వెనక ఎడపల్లి నుంచి వచ్చిన ఒక ముసలామె ఉంది. అప్పటికే బొటనవేలికి సిరా పూసుకుంది. బాపమ్మను గుర్తుపట్టి, ఆ వేలిని చీరకొంగుకు గట్టిగా తుడిచేసుకుంది.

"పంతులమ్మా, నువ్వు నేర్పిన దస్కత్ మర్సిపోయి ఏండ్లాయె. జర పెన్నియ్యి, సూస్త."

"ఏ చేత్తోనన్న రాయి బిడ్డా" అని బాపమ్మ పెన్ను చాపింది.

కౌంటర్‌లోని అబ్బాయి ఎవరూ అడగకుండానే సిరా డబ్బాకు మూత పెట్టి, ఇంకో కొత్త కార్డు తీశాడు.