బామ్మగారి గోడా, నా తలకాయా

టీ చల్లారేలోపు చెప్పేస్తాను, వినండి. ఫౌండేషన్ ఇయర్ అందరూ పరీక్షలు రాసి పాసవుతారు. నేను మాత్రం పరాయివాళ్ళ ముందుగది గోడ పాడుచేయించి పాసయ్యాను. అదీ క్లాసు మొత్తానికి ఫస్టు. నవ్వకండే, ఇంకా మొదలే పెట్టలేదు.

మా నాన్న సంగతి మీకు తెలుసుగా. ఇక్కడ గల్ఫ్‌లోనే, రాస్ తనూరా చమురు రేవులో కాంట్రాక్టు కంపెనీ ఇంజినీరు. ఆయన లెక్కలో మనుషులు రెండే రకాలు: ఇంజినీర్లు, ఇంకా ఇంజినీర్లు కానివాళ్ళు. అలాంటాయన ముందు నుంచుని, ట్వెల్త్‌లో మేథ్స్ చదివిన నేను, జర్నలిజం అండ్ మీడియా చేస్తానన్నాను. నాన్న ఓసారి టీవీ కేసి చూశారు. అందులో నలుగురు ఒకేసారి అరుస్తున్నారు. మళ్ళీ నాకేసి చూసి, "దీనికి యూనివర్సిటీ ఎందుకే, మీ అమ్మ దగ్గర నేర్చుకోవచ్చుగా" అన్నారు. ఆ రాత్రి ఆయనకి అన్నంలోకి నిన్నటి పప్పే వడ్డించింది అమ్మ.

నాలాగా సైన్సు చదివొచ్చినవాళ్ళని తిన్నగా మీడియా డిగ్రీలోకి తీసుకోరు. ముందు ఒక ఏడాది ఫౌండేషన్ చెయ్యాలి. వార్త రాయడం, కెమెరా పట్టుకోవడం, ఎడిటింగ్, పోస్టర్ డిజైన్, అన్నీ కాస్త కాస్త రుచి చూపిస్తారు. ఆఖర్లో ఒక ఇంటర్వ్యూ తీసి చూపించాలి. అది బాగుంటేనే ఫస్ట్ ఇయర్‌లో సీటు. నాన్న దీనికి ఒప్పుకున్నారు కానీ ఒక షరతు పెట్టారు. పాసైతే జన్మలో ఇంజినీరింగ్ మాట ఎత్తరు. తప్పితే మాత్రం మారు మాట్లాడకుండా కాకినాడ వెళ్ళి పెద్దమ్మ ఇంట్లో ఉండి బీటెక్ చెయ్యాలి. నేను ఎగిరి గంతేసి ఒప్పేసుకున్నాను. ఇంటర్వ్యూ అంటే ఏముంది, ఎదుటివాళ్ళు మాట్లాడతారు, మనం వింటాం. వినడం కూడా రాకపోతుందా అనుకున్నాను.

రాలేదు.

మాకు ఇంటర్వ్యూ క్లాసు చెప్పేది డాక్టర్ మనాల్. ట్యునీషియా నుంచి ఈ ఏడే వచ్చారు. ఆవిడ ప్రాక్టీసు కోసం ఎవరినైనా ఇంటర్వ్యూ చేసి తెమ్మంటే, నేను లైబ్రరీలో పనిచేసే ఆవిడని పట్టుకున్నాను. పాపం చక్కగా మాట్లాడింది. మర్నాడు క్లాసులో అందరి ముందూ పెద్ద స్పీకర్లో అది వేశారు. లైబ్రరీ ఆవిడ ఒక మాట అంటుంది. వెంటనే నా గొంతు, "ఊ." ఇంకో మాట. "ఊఁ ఊఁ." తర్వాత "ఆహా." ఆవిడ కాలు విరిగిన సంగతి చెప్తుంటే "అయ్యయ్యో." మధ్యలో ఎక్కడో "ష్చ్ ష్చ్ ష్చ్" కూడా ఉంది. ఆవిడ కంటే నేనే ఎక్కువ వినిపిస్తున్నాను.

డాక్టర్ మనాల్ స్పీకర్ ఆపేసి, ఇంటర్వ్యూ ఇస్తున్నది ఎవరు, తీసుకుంటున్నది ఎవరు అని మర్యాదగా అడిగారు. క్లాసంతా ఒకటే నవ్వులు.

నేనేం చెయ్యను చెప్పండి. మనకి పుట్టినప్పటినుంచీ ఊ కొట్టడం అలవాటు. మా అమ్మమ్మ ఫోన్లో మాట్లాడుతూ నాలుగు మాటలకోసారి ఆగుతుంది. ఊ అనకపోతే "ఉన్నావా, ఫోన్ అక్కడ పెట్టి పోయావా" అంటుంది. ఊ కొట్టకపోవడం మా ఇంట్లో పొగరు కింద లెక్క. ఇదంతా డాక్టర్ మనాల్‌కి ఏమని చెప్పను? ఆవిడ ఒకటే మాట అన్నారు. ఎదుటివాళ్ళు మాట్లాడేటప్పుడు నోరు తెరవకు, వింటున్నావని తెలియాలంటే తల ఊపు చాలు.

సరే, ఇంటికెళ్ళి అమ్మ మీద సాధన మొదలుపెట్టాను. అమ్మ పక్కింటి కబుర్లు చెప్తుంటే మూతి బిగించుకుని తల మాత్రమే ఊపాను. అమ్మ కాసేపు ఓపిక పట్టి, "నోరు పడిపోయిందేవిటే నీకు" అంది. నాకు మహా సంతోషం వేసింది. అంటే సాధన ఫలించినట్టేగా.

ఇంక అసలు ప్రాజెక్టు. నా జట్టు రీమ్ అని, ఈ ఊరి అమ్మాయే. కెమెరా తనది, ప్రశ్నలు నావి. రీమ్ వాళ్ళ అమ్మమ్మగారు (నేను బామ్మగారనే అంటాను) అభా కొండల్లో పుట్టి పెరిగిన మనిషి. కొన్ని నెలల కిందటే ఇక్కడికి, కూతురింటికి వచ్చి ఉంటున్నారు. అభా వైపు ఇళ్ళలో ఒక పద్ధతుంది. అతిథులు కూర్చునే గది గోడల మీద ఆ ఇంటి ఆడవాళ్ళే రంగురంగుల పట్టీలు, త్రికోణాలు, గళ్ళు గీస్తారు. మన ముగ్గుని నేలమీంచి లేపి గోడకి అంటించి రంగులు నింపినట్టుంటుంది. పండగొస్తుందంటే ఇరుగుపొరుగు ఆడవాళ్ళంతా చేరి మళ్ళీ కొత్తగా వేసేవాళ్ళట. ఈవిడ అందులో అందె వేసిన చెయ్యి. ఇంతకంటే మంచి ఇంటర్వ్యూ ఎవరికి దొరుకుతుంది అని ఇద్దరం పొంగిపోయాం.

బామ్మగారు ఒప్పుకున్నారు కానీ మొహం చూపించకూడదన్నారు. గొంతు, చేతులు, అంతే. డాక్టర్ మనాల్ అది విని, చేతులు ఒక్కటే అంతసేపు చూడాలంటే ఎవరికైనా విసుగొస్తుంది, జాగ్రత్త అని ముందే హెచ్చరించారు. అందుకని రెండు కెమెరాలు పెట్టాం. ఒకటి ఆవిడ చేతుల మీద, ఇంకోటి వింటున్న నా మొహం మీద.

రీమ్ వాళ్ళ ముందుగది చూస్తే కళ్ళు చెదిరాయి. ఆ వారంలోనే రీమ్ వాళ్ళక్కకి నిశ్చితార్థం. వాళ్ళమ్మగారు గోడలకి మీగడ రంగు కొత్తగా వేయించారు. ఆవిడ షాపింగ్‌కి వెళ్తూ వెళ్తూ, గోడకి ఆనుకోకండమ్మా అని మాకు మరీ మరీ చెప్పి వెళ్ళారు. మేం ఆనుకోలేదు. ఆ విషయంలో మాకు ఏ పాపమూ తెలీదు.

నా అరబీ సంగతి మీకు తెలుసు. వీధి చివర బకాలా కొట్టుకి వెళ్ళి పెరుగు, ఖుబ్బూస్ రొట్టెలు అడిగి తెచ్చేంత. రీమ్ ప్రశ్నలు రాసిస్తే బట్టీ పట్టేశాను. జవాబులు సగం అర్థం కావు. ఫరవాలేదు, తర్వాత రీమ్ ఇంగ్లీషులో సబ్‌టైటిల్స్ వేస్తుంది. నేను చెయ్యాల్సింది తల ఊపడం ఒక్కటే. ఇప్పుడు మీకు చెప్పేది కూడా రీమ్ తర్వాత విడమర్చి చెప్పిందే.

"ఖాలా, మీ ఇంట్లో గోడలకి బొమ్మలు ఎవరు వేసేవారు?" అని మొదలుపెట్టాను. పెద్దావిడని ఖాలా అనడం ఇక్కడి మర్యాద. నేనే వేసేదాన్ని అన్నారావిడ. నేను నోరు మూసుకుని, కళ్ళు పెద్దవి చేసుకుని, మన పద్ధతిలో తలని ఈ భుజం వైపూ ఆ భుజం వైపూ చక్కగా ఊపాను. అవునా, ఎంత బాగుంది, చెప్పండి చెప్పండి అని.

ఆవిడ ఒక్క క్షణం ఆగి, "నేనే" అన్నారు మళ్ళీ, కాస్త గట్టిగా.

నేనూ ఇంకాస్త గట్టిగా ఊపాను.

స్కేలు పెట్టేదాన్ని కాదు, దారం పట్టేదాన్ని కాదు, ఒట్టి చేత్తో గీత గీస్తే ఈ మూల నుంచి ఆ మూలకి తిన్నగా వెళ్ళేది అన్నారు. ఊపాను. మా ఊళ్ళో పెళ్ళి కుదిరిన ఇంటికి ముందు నన్నే పిలిచేవాళ్ళు అన్నారు. ఊపాను. అప్పటిదాకా ఒళ్ళో బొమ్మల్లా పడున్న చేతులు లేచాయి. గాల్లో గళ్ళు గీస్తున్నాయి, మూలలు తిప్పుతున్నాయి, నా మోకాలి మీద తట్టి మరీ చెప్తున్నాయి. నాకు ఆనందం ఆగట్లేదు. నేను వినే తీరుకి ఆవిడ ఎంత ఉత్సాహపడిపోతున్నారో చూడు అనుకున్నాను.

కెమెరా వెనక నుంచి రీమ్ ఏదో సైగ చేస్తోంది. ఆవిడ మాట్లాడుతుండగా ఎవరి గొంతు పడినా ఆ టేకు పనికిరాదు, అందుకని నోరు విప్పట్లేదు. నాకేసి వేలు చూపించి, అచ్చం నాలాగే తల అటూ ఇటూ ఊపింది. భలే ఉంది, అలాగే కానియ్ అంటోందనుకున్నాను. రెట్టించి ఊపాను. రీమ్ రెండు చేతులతో తన తల తనే పట్టుకుంది.

అప్పుడు లేచారండీ బామ్మగారు. లోపలికెళ్ళి రీమ్ గదిలోంచి పోస్టర్ డిజైన్ క్లాసు కోసం కొన్న రంగుల డబ్బాలు, బ్రష్షులు ఎత్తుకొచ్చారు. ఎర్ర డబ్బా మూత తీశారు. తిన్నగా మీగడ రంగు గోడ దగ్గరికి నడిచారు.

అప్పటికి నాకు వెలిగింది. పై ప్రాణాలు పైనే పోయాయి. వద్దు ఖాలా, వద్దు అని చెప్పడానికి కూడా నోరు తెరవలేదు, చూడండి. టేకు పాడవుతుందని భయం. ఈసారి నిజంగానే వద్దని తల అడ్డంగా ఊపాను. ఆవిడకి రెండూ ఒకటేగా. ఇంకా నమ్మవా అన్నట్టు నాకేసి ఒక చూపు చూసి, గోడ మీద ఈ చివర నుంచి ఆ చివరకి ఎర్రటి గీత లాగేశారు.

ఆ గీత చూశారా, తాడు కట్టి కొట్టినట్టుంది. ఎక్కడా వంకర లేదు. దాని కింద నల్లది, దాని కింద పసుపు. తర్వాత గళ్ళు, గళ్ళలో చిన్న చిన్న త్రికోణాలు. ఆ చెయ్యి ఆగట్లేదు. నాకు భయం వేస్తోంది, ఏడుపొస్తోంది, వీటన్నిటి వెనకా గుండె నిండిపోతోంది. అంత అందమైనది నా కళ్ళముందు పుట్టడం నేనెప్పుడూ చూడలేదు. రీమ్ కూడా అదే స్థితిలో ఉన్నట్టుంది. ఏడుస్తూనే కెమెరా స్టాండు మీంచి తీసి చేత్తో పట్టుకుని బామ్మ చేతుల వెంట తిరుగుతోంది.

ఆ సమయానికి తలుపు తీసుకుని వాళ్ళమ్మగారు వచ్చారు. చేతిలో సంచులు అలాగే ఉన్నాయి. గోడని చూశారు. నన్ను చూశారు. నేను గోడకి ఆనుకోలేదండీ అని చెప్దామనిపించింది, బుద్ధి లేక.

బామ్మగారు బ్రష్షు నావైపు చూపించి కూతురితో చెప్పారు (ఇండియా వాళ్ళెవరైనా ఇక్కడ హిందీయే): "ఈ హిందీ పిల్ల నేను చెప్పింది ఒక్కటీ నమ్మలేదు. ఏమన్నా తల అడ్డంగా ఆడిస్తోంది. మరి చూపించొద్దూ!"

ఆవిడ సంచులు కింద పెట్టారు. తర్వాత తల్లి దగ్గరికెళ్ళి, మెల్లిగా అడిగారు: "అమ్మా, అభా నుంచి వచ్చాక గోడకి వెయ్యమని నిన్ను ఎన్నిసార్లు బతిమాలాను. చెయ్యి పోయింది, ఇంక రాదన్నావు కదా." బామ్మగారు రెండో బ్రష్షు తీసి కూతురి చేతిలో పెట్టారు. ఆవిడ షాపింగ్‌కి వెళ్ళొచ్చిన బట్టల్తోనే కింద కూర్చుని గళ్ళలో ఆకుపచ్చ నింపడం మొదలుపెట్టారు. అప్పుడు నాకూ ఏడుపొచ్చేసింది. నోరు మాత్రం తెరవలేదు, మైకు ఆన్‌లో ఉంది.

ఇంటికి తీసుకెళ్తూ కార్లో రీమ్ నన్ను వాయించేసింది. ఏడాదిగా నీతో ఉన్నాను కాబట్టి నీ తల ఏమంటుందో నాకు తెలుసు, కొండల్లోంచి నిన్న మొన్న వచ్చిన మా అమ్మమ్మకేం తెలుస్తుందే అని.

నిశ్చితార్థం ఫోటోలన్నీ ఆ గోడ ముందే తీసుకున్నారు. నన్నూ పిలిచారు. వచ్చిన చుట్టాలందరికీ బామ్మగారు నన్ను చూపించి, నమ్మని పిల్ల ఇదే అని పరిచయం చేశారు.

ఇంక ప్రాజెక్టు చూపించే రోజు. ఒళ్ళో ఉన్న రెండు చేతులతో మొదలై, రంగు నిండిన రెండు చేతులతో అయిపోతుంది మా ఫిల్మ్. లైట్లు వేశాక క్లాసులో ఎవరూ నవ్వలేదు. లేచి నుంచుని చప్పట్లు కొట్టారు. మొదటిసారి నా ఊ లకి అందరికంటే ఎక్కువ నవ్విన అమ్మాయి, అందరికంటే ముందు లేచింది. అది చాలు నాకు ఈ జన్మకి.

మార్కులు చెప్పగానే నాన్నకి ఫోన్ చేశాను. ఫస్ట్ వచ్చానని, గోడ సంగతీ చెప్పాను. ఆ గీత స్కేలు లేకుండానే గీశారా, నిజంగా అంత తిన్నగా ఉందా అని అడిగారు. ఇంజినీరు బుద్ధి ఎక్కడికి పోతుంది? సాయంత్రం ఇంటికొచ్చి ఫిల్మ్ రెండుసార్లు చూసి, "కాకినాడ పెద్దమ్మకి నేనే చెప్తాలే" అన్నారు. మా అమ్మ మళ్ళీ వేడి వేడి పప్పు వడ్డించింది ఆయనకి.

ఇదీ అందరికీ తెలిసిన కథ. తెలియనిది ఒకటుంది, మీకు మాత్రమే చెప్తున్నాను, బయట అనకండి.

ఆ రోజు క్లాసయ్యాక, ఇంకా మార్కులు చెప్పకముందు, డాక్టర్ మనాల్ నన్నొక్కదాన్నే ఆగమన్నారు. ప్రతి జవాబుకీ నమ్మనట్టు తల ఊపి ఆవిడ చేత చేసి చూపించావు, పెద్ద పెద్ద విలేకర్లకి కూడా ఈ తెగువ ఉండదు అన్నారు. తర్వాత కళ్ళలోకి చూసి అడిగారు: "నిజం చెప్పు. అది కావాలనే చేశావా?"

నాకు కాకినాడ కళ్ళముందు మెదిలింది. ఒక్క అబద్ధం ఆడితే ఏం పోతుందనుకున్నాను. మూతి బిగించి, అవునండీ, కావాలనే అని ధీమాగా తల ఊపాను. మన పద్ధతిలో.

డాక్టర్ మనాల్ మొహం విప్పారింది. "కాదని ఒప్పుకున్నావు చూడు, అదీ జర్నలిస్టు లక్షణం" అని భుజం తట్టి, నిజాయితీకి ఇంకో మార్కు కలిపారు.

జీవితంలో నేను ధైర్యం చేసి ఆడిన మొట్టమొదటి అబద్ధమే అది. అదీ నిజమై కూర్చుంది.