జవాబుకు వదిలిన సగం కాగితం

నాలుగు నెలలుగా నేను చెబుతున్నది ఎవరూ వినిపించుకోలేదు. నడుముకు ఆపరేషన్ చేసిన డాక్టరుకు మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ ఆయన కంప్యూటర్ వైపే చూశారు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. బాన్సువాడ తహసీల్ ఆఫీసు ముందు నా బల్ల దగ్గర కూర్చుని ఇది రాస్తుండగానే ఎడమ పాదం మీద ఎవరో గోరువెచ్చని నీళ్లు పోసినట్టయింది. వంగి తువ్వాలుతో తుడిచాను. తువ్వాలు పొడిగానే ఉంది. ఇలా తుడవడం నేను ఖాదర్ సాబ్ దగ్గర చూశాను.

ఖాదర్ సాబ్ ఇదే బల్ల మీద ముప్పై ఏళ్లు అర్జీలు రాశారు. బిచ్కుంద, బీర్కూర్ బస్సులు దిగినవాళ్లు ఆఫీసులోకి పోయేముందు ఆయన దగ్గర ఆగేవారు. ఆయన పక్కన కూర్చునే నేను ఈ పని నేర్చుకున్నాను. ఆయనకు ఒక పట్టుదల ఉండేది. ఎంతటి కష్టమైనా కాగితం పై సగంలోనే ముగియాలి, కింది సగం ఖాళీగా ఉండాలి. మొదటిరోజు నేను కాగితం నిండా రాస్తే దాన్ని నా ముందుకు తోశారు.

"జవాబు యాడ రాస్తరు, నీ నెత్తి మీదనా?"

"వెనక రాస్తరు గద సాబ్."

"కాయితం తిప్పే ఓపికున్నోడైతె అర్జీ దాకా ఎందుకొస్తది బేటా? జాగ ఇడువు. ఖాళీ జూస్తె వాళ్లకు జర సిగ్గయితది."

జవాబు రాకపోతే అదే అర్జీని మళ్లీ రాసేవారు, ఒక్క మాట తగ్గించకుండా. నన్ను మొండివాడంటారు. ఆ మొండితనం ఈ బల్ల దగ్గర అబ్బిందే.

ఏడేళ్ల కిందట ఆయన నడుములో డిస్కు జారింది. నిజామాబాద్‌లో చిన్న రంధ్రం చేసి, రెండు కుట్లతో ఆపరేషన్ ముగించారు. మూడోరోజే నడిచారు. నాలుగో నెలలో, ఒక మధ్యాహ్నం రాస్తూ రాస్తూ కలం ఆపి, పొడిగా ఉన్న పాదాన్ని తుడుచుకున్నారు.

"నీళ్లు ఎవరు పోసిన్రు?"

"ఎవరూ పొయ్యలే సాబ్."

"పిర్ర కాడికెల్లి కరెంటు తీగ గుంజినట్టు అయితది. ఆడికెల్లి నీళ్లు దిగుతయి."

నేను నవ్వాను. "ముసలితనానికి గూడ అర్జీ రాస్తరా ఏంది?" అన్నాను. ఆయన మళ్లీ కలం పట్టుకున్నారు. ఆ తరువాత తన కాలి గురించి నా దగ్గర ఒక్క మాట మాట్లాడలేదు. రెండేళ్లకు గుండెపోటుతో పోయారు. నాకు జరిగిన అవమానాలన్నీ గుర్తుపెట్టుకునే నేను, నేను చేసిన దీన్ని మాత్రం మరచిపోయాను.

ఈ ఏడు నాకూ అదే ఆపరేషన్ జరిగింది. చేసింది కూడా ఖాదర్ సాబ్‌కు చేసిన డాక్టరే. కుట్లు మానాక తీగ మొదలైంది, తరువాత నీళ్లు. "స్కాన్ బాగుంది, నరం కొంచెం రేగింది, తగ్గుతుంది" అన్నారు డాక్టరు. ఎప్పుడని అడిగితే తరువాతి పేషంటును పిలిచారు.

పోయిన వారం బల్ల సొరుగులో అడుగున ఖాదర్ సాబ్ ఫైలు దొరికింది. అదే డాక్టరు పేర ఐదు అర్జీల నకళ్లు, నెలకొకటి. ప్రతిదాంట్లో ఒక ఎడమ కాలి బొమ్మ, దాని మీద నీలి పెన్సిల్ గీత. మొదటి నెల పిర్ర దగ్గర, రెండో నెల తొడ వెనక, మూడో నెల పిక్క, నాలుగో నెల పాదం. నేను పంచె పైకెత్తి వేలితో నా నొప్పి వెంట పోయాను. వేలు ఆయన గీత మీద నడిచినట్టే నడిచింది, ఎక్కడా పక్కకు పోలేదు. ఐదో కాగితంలో ఇలా ఉంది: "చిటికెన వేలు నాది కాదనిపిస్తున్నది."

ఆరో కాగితం లేదు.

ఆయన ఇంటికి పోయి ఆయన భార్యను అడిగాను. "నాకేం జెప్పెటోడు కాదు బాబూ," అంది ఆమె. "దినమంత నీ పక్కనే గద కూసునేది. నీకు జెప్పలేదా?"

ఈ ఉదయం బస్టాండు నుంచి నడిచి వస్తుంటే చాయ్ హోటల్ అతను వెనక నుంచి పిలిచాడు. "అన్నా, గీ చెప్పు నీదేనా?" చూసుకుంటే ఎడమ కాలికి చెప్పు లేదు. ఎక్కడ జారిందో నాకు తెలియలేదు. ఐదో నెల మొదలైంది.

డాక్టరు గారూ, నాకు బస్సు టైము చెప్పినట్టు తేదీ చెప్పమనడం లేదు. ఆ ఐదు అర్జీలూ మీకు చేరాయి, దవాఖాన ముద్ర నకళ్ల మీద ఉంది. ఆరో నెలలో ఖాదర్ సాబ్‌కు నొప్పి ఆగిందా, లేక ఆయన రాయడమే ఆపేశారా? పక్కనే కూర్చుని నేను తెలుసుకోలేదు. ఆ కాలును పరీక్షించిన మీకు తెలిసి ఉండాలి. అక్షరాలు చిన్నవి చేసి నేనూ పై సగంలోనే ముగించాను. కింద ఖాళీ ఉంది. రాయండి.