టీవీ మీద కంబళి

ఎనభైల్లో ఆళ్లగడ్డలో మా వీధి మొత్తానికి ఒకటే టీవీ, అది మాదే. మా ఆయన నంద్యాలలో కొని, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చారు. తోడుగా స్టెబిలైజర్ కూడా. పొలాల్లో మోటార్లు వేస్తే మా ఇంట్లో బల్బు మిణుకుమిణుకుమనేది, ఆపితే కళ్లు చెదిరేలా వెలిగేది. అప్పుడల్లా స్టెబిలైజర్ టక్కుమనేది, ఈయన మీసం సవరించుకునేవారు. అదుంటే ఇంద్రుడు దిగొచ్చినా టీవీకి ఢోకా లేదని ఆయన ధీమా.

మా అత్తకు ఆ ధీమా లేదు. ఉరిమితే చాలు, "అర్జునా, ఫల్గుణా" అనుకుంటూ బీరువా అద్దం మీద చీర, ఇత్తడి బిందెల మీద దుప్పటి కప్పేది. మెరుపు తన మొహం చూసుకున్నచోటే పిడుగు పడుతుందట. ఆమె లెక్కలో టీవీ కూడా అద్దమే. దానికి గొర్రెబొచ్చు కంబళి.

నా బెంగ వేరు. మా చిన్నపాప తెరకు ముక్కు ఆనించి చూసేది. ఎన్నిసార్లు వెనక్కి లాగినా మళ్లీ అక్కడే.

ఒకరోజు సాయంత్రం సినిమా వస్తోంది. గది నిండా ఇరుగుపొరుగు. అహోబిలం కొండల వైపు మబ్బు కమ్మి, ఒక్క ఉరుము ఉరిమింది. అత్త కంబళి పట్టుకుని లేచింది.

"లెయ్యండప్పా, అందరూ వసారాలోకి పోండి. మెరిసేటప్పుడు అద్దం ముందర కూసుంటారా యాడన్నా?"

"స్టెబిలైజర్ ఉండాది కదమ్మా, ఏం గాదు" అన్నారు మా ఆయన.

"పిడుగు సంగతి దానికేం తెలుసురా!"

టీవీ మీద కంబళి కప్పేసి, గీపెడుతున్న పాపను చంకనేసుకుని వసారాలోకి వచ్చేసింది. కనబడని సినిమాకు ఎవరుంటారు? జనం గొణుక్కుంటూ వెనకే వచ్చారు.

అంతలోనే పడింది. అంత తెల్లటి వెలుగు నేను మళ్లీ ఎన్నడూ చూడలేదు. కాళ్ల కింద బండలు అదిరాయి, కాసేపు చెవులు పనిచేయలేదు. ఆకాశంలోని అంత శక్తి మా మిద్దె మీది యాంటెన్నా కడ్డీని వెతుక్కుంటూ వచ్చిందంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

గదిలోకి వెళ్లి చూస్తే స్టెబిలైజర్ చెక్కుచెదరలేదు. పిడుగు కరెంటు తీగ జోలికే పోకుండా యాంటెన్నా తీగ వెంట దిగింది. కంబళికి పెద్ద బొక్క, దాని అంచులు ఇంకా రాజుకుంటున్నాయి. టీవీకి తెర లేదు. ఆ గాజంతా పాప కూర్చునే చాపలో గుచ్చుకుని ఉంది.

అత్త చాప వైపు చూడనే లేదు. కాలిన కంబళి అంచు పట్టుకుని, "నేను సరింగా కప్పల్యా నాయనా, నీ టీవీ పాయ" అని కొడుకు ముందు ఏడ్చింది. అత్త చంకలో మా పాప, సినిమా పెట్టమని ఇంకా కాళ్లు తన్నుకుంటూనే ఉంది.